మూడో పాయింటు

గంట మాస్టారి క్లాసులో ఎవరికీ ఇష్టమైన పక్షం దొరకదు. ఖాళీ సుద్దముక్కల పెట్టెలో మడిచిన చీటీలుంటాయి. చెయ్యి పెట్టి ఒకటి తీసుకోవాలి. 'అవును' అని వస్తే అవును తరఫున, 'కాదు' అని వస్తే కాదు తరఫున మూడు నిమిషాలు నిలబడి మాట్లాడాలి. నిజంగా మనసులో ఏముందో ఇంటికెళ్ళి అమ్మకి చెప్పుకోవచ్చు. బల్ల మీద అరచేతిలో ఇమిడే ఇత్తడి గంట ఉంటుంది. ఒకసారి కొడితే ఇంకా అరనిమిషం మిగిలిందని, రెండోసారి కొడితే కూర్చోమని. రెండో గంట పడేదాకా ఎదుటి పక్షం కిక్కురుమనకూడదు. ఎంత ఒళ్ళు మండినా పెదవి బిగబట్టుకుని కాగితం మీద రాసుకోవాలి. ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకి ఇంతకన్నా కష్టమైన శిక్ష ఇంకొకటి ఉండదు. అయినా ఆ క్లాసుకి ఒక్కరూ ఎగ్గొట్టరు.

ఆ సోమవారం సాయంత్రం విషయం 'ఇంటిపని రద్దు చెయ్యాలి'. 'కాదు' చీటీ లాయరమ్మకి వచ్చింది. క్లాసంతా గొల్లుమంది. ఇంటిపని చెయ్యలేదని ఆ పూటే ఆ పిల్ల లెక్కల పీరియడంతా గుమ్మం బయట నిలబడింది మరి. లాయరమ్మ అసలు పేరు హాజరుపట్టీలో మాత్రమే ఉంటుంది. పదమూడేళ్ళది, క్లాసులో అందరికన్నా పొట్టిది, గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతుంది. అదే స్కూల్లో చిన్న తరగతుల పిల్లల్ని చూసుకునే ఆయమ్మ కూతురు. సిబ్బంది పిల్లలకి ఫీజు ఉండదు కాబట్టి అక్కడ చదువుతోంది.

లాయరమ్మ పాదాలు రెండూ జానెడు ఎడంగా పెట్టుకుని నిలబడింది. అలా నిలబడితే మోకాళ్ళు వణకవని మాస్టారే నేర్పాడు.

"అవతలి పక్షం మాట ముందు చెప్తాను," అంది. "పొద్దున్నించి సాయంత్రం దాకా స్కూల్లోనే ఉంటాం. ఇంటికెళ్ళాక కూడా స్కూలే అయితే ఇంక ఇల్లెందుకు? కొందరి ఇళ్ళల్లో కూర్చుని రాసుకోవడానికి చోటుండదు. వాళ్ళని బయట నిలబెడితే అది చదవనందుకు శిక్ష కాదు, చోటు లేనందుకు శిక్ష."

ఎదుటి పక్షం వాడు మైమరిచి తల ఊపేశాడు. తను చెప్పాలనుకున్నదంతా తనకన్నా బాగా చెప్పేసింది పాపం.

"అయినా," అంది లాయరమ్మ. ఒక్క క్షణం ఆగింది. తరవాతి రెండు నిమిషాల్లో వాడి కాళ్ళకింద నేల లాగేసింది. రెండో గంట పడేసరికి వాడి కాగితం మీద గీతలు తప్ప అక్షరాలు లేవు.

మాస్టారి చదువంతా ఆ మలుపులోనే ఉంది. "అవతలివాళ్ళ మాట వాళ్ళకన్నా బాగా చెప్పండి. అప్పుడు వాళ్ళు చెవులిస్తారు. చెవులిచ్చాక మనం ఏం పోసినా లోపలికి వెళ్తుంది," అంటాడు. బోర్డు మీద ఎప్పుడూ చెరపని మూడు వరసలుంటాయి: ముందు వాళ్ళది. తరవాత నీది. బలమైనది చివర. పోటీలకి తీసుకెళ్ళిన ప్రతిచోటా జడ్జీలు ఈ మలుపుకే మార్కులేశారు. స్టాఫ్ రూమ్ బీరువా మీద వరసగా ఉన్న కప్పులన్నీ దాని పుణ్యమే.

క్లాసయ్యాక ఆయన గంటని చేతిరుమాల్లో చుట్టి సంచిలో వేసుకుని బయటికొచ్చాడు. గేటుకి కొత్త గొలుసూ కొత్త తాళమూ వేలాడుతున్నాయి. పోయిన బుధవారం దాకా ఆ గేటుకి సరైన గడియ లేదు. గేటు అవతల, గోడని ఆనుకుని ఆయమ్మ నిలబడి ఉంది. శుక్రవారం నించి ఆవిణ్ణి లోపలికి రావద్దన్నారు. పదకొండేళ్ళు ఆ గేటు దగ్గర లోపలివైపు నిలబడిన మనిషి బయట ఎక్కడ నిలబడాలో తెలియనట్టు నిలబడింది.

"మాస్టారూ, ఒక్క మాట."

"చెప్పు ఆయమ్మా."

"గురువారం కమిటీ కూర్చుంటుందట. నన్ను రమ్మన్నారు. నాకు మాటలు రావని పెద్ద మేడంకి తెలుసు, నా తరఫున ఎవరైనా ఒకళ్ళు మాట్లాడొచ్చన్నారు. మీరు మాట్లాడండి బాబూ. మీరు నోరు విప్పితే వాళ్ళు వింటారు."

జరిగింది చిన్నదీ కాదు, పెద్దదీ కాలేదు. పోయిన బుధవారం చిన్న తరగతుల్ని ఒంటిపూట విడిచే వేళ ఐదేళ్ళ పిల్లాడొకడు గేటు తోసుకుని బయటపడ్డాడు. లారీలు తిరిగే రోడ్డు దాటి, రెండు వీధులు నడిచి, ఒక టైర్ల కొట్టు ముందు టైరులో కూర్చుని ఆడుకుంటూ దొరికాడు. మోకాలు కాస్త దోక్కుపోయింది, అంతే. కానీ పిల్లాడి తండ్రి ఊళ్ళో పలుకుబడి ఉన్నవాడు. సాయంత్రానికల్లా స్కూలు గడగడలాడింది. ఆ వేళకి గేటు దగ్గర ఆయమ్మ లేదన్నది నిజం. ఎవరో అతిథులొచ్చారు, టీలు పట్టుకెళ్ళమని ఆఫీసు వాళ్ళే ఆవిణ్ణి మేడ మీదకి పంపారన్నది కూడా నిజం. మొదటి నిజం గురించే అందరూ మాట్లాడుతున్నారు.

మాస్టారికి ఇదంతా తెలుసు. ఆ పొద్దునే పెద్ద మేడం ఆయన్ని పిలిచి, "మీ దస్తూరీ బావుంటుంది, గురువారం మినిట్స్ మీరే రాయండి," అంది. గుమ్మం దాటుతుంటే, "మీ కాంట్రాక్టు కాగితాలు కూడా ఈ నెలాఖరుకి కమిటీ ముందుకే వెళ్తాయి, గుర్తుంచుకోండి," అంది. బెదిరింపేమీ కాదు. గొడుగు మరిచిపోకండి అన్నట్టు అంది.

"నన్ను మినిట్స్ రాయమన్నారు ఆయమ్మా," అన్నాడు ఆయన. "రాసేవాడు ఒక పక్షం మాట్లాడకూడదు. అది పద్ధతి."

అలాంటి పద్ధతి ఉన్నందుకు లోలోపల ఆయనకి ప్రాణం లేచొచ్చింది.

"మరి నాకెవరున్నారు?"

"మీ అమ్మాయి లేదూ?"

"చిన్నపిల్ల కదండీ."

"నాకన్నా బాగా మాట్లాడుతుంది. రెండు రోజులు నేను కూర్చోబెట్టి చెప్తాను. నువ్వు నిశ్చింతగా ఉండు."

నాకన్నా బాగా మాట్లాడుతుందన్నది అబద్ధం కాదు. నిజాన్ని ఇంత సుఖంగా అడ్డం పెట్టుకోవచ్చని ఆయనకి అంతవరకూ తెలియదు. ఆయమ్మ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. ఆయన సంచి ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుని గబగబా నడిచాడు.

*

మంగళవారం స్కూలు విడిచాక గదిలో ఇద్దరే ఉన్నారు. లాయరమ్మ నోటుపుస్తకం మధ్య కాగితం చింపి మూడు పాయింట్లు రాసుకొచ్చింది. ఒకటి, అమ్మని టీలకి పంపింది ఆఫీసు. రెండు, పదకొండేళ్ళలో అమ్మ మీద ఒక్క ఫిర్యాదు లేదు. మూడోది రాయలేదు, అంకె వేసి వదిలేసింది.

"మూడోది?"

"రిజిస్టరు సార్. మరమ్మతుల రిజిస్టరు." గొంతు తగ్గించింది. "గేటు గడియ పట్టట్లేదని అమ్మ మూడుసార్లు చెప్పింది. నోటిమాట కుదరదు, పుస్తకంలో రాయమన్నాడు గుమస్తా. అమ్మకి రాయడం రాదు కదా. నేనే రాశాను, మూడుసార్లూ. తేదీలేసి. కింద ఆయన సంతకాలున్నాయి."

మాస్టారు కుర్చీలో ముందుకి జరిగాడు. ఆ రిజిస్టరు ఆయనకి తెలుసు. పెద్ద మేడం గదిలో, కమిటీ కూర్చునే బల్లకి వెనక అలమారలో ఉంటుంది. ఎర్ర అట్ట.

"ఎప్పుడు రాశావు?"

"మొదటిది మూడు నెలల కిందట. చివరిది ఆ పిల్లాడు పోవడానికి తొమ్మిది రోజుల ముందు."

వాదన నేర్పేవాడికి అలాంటి పాయింటు దొరికితే పండగే. ఆయన కళ్ళు మెరిశాయి. "ఇది చివరికి పెట్టు," అన్నాడు. "తేదీలు ఒక్కొక్కటీ చెప్పు. చెప్పి, 'దయచేసి మీ వెనక ఉన్న పుస్తకం తెరిచి చూడండి' అని ఆగిపో. ఇంక మాట్లాడకు. వాళ్ళే లేచి తెరుస్తారు."

"ముందే చెప్పేస్తే సార్?"

"ముందే చెప్తే తరవాత చెప్పేవన్నీ చప్పబడిపోతాయి. బలమైనది ఎక్కడుండాలి?"

"చివర," అంది. బోర్డు వైపు చూడకుండానే చెప్పింది.

మొదటి వరస దగ్గర పేచీ వచ్చింది. "అవతలి పక్షం మాట నేను చెప్పను సార్," అంది. "మా అమ్మ తప్పేం లేదు. ఉన్నట్టు నేనెందుకు చెప్పాలి?"

"ఉన్నట్టు చెప్పమనట్లేదు తల్లీ. వాళ్ళ బాధ నీకు తెలుసని చెప్పమంటున్నాను. ఆ పిల్లాడి తండ్రి కోపంగా వస్తాడు. వచ్చీరాగానే 'మా అమ్మ తప్పు లేదు' అన్నావనుకో, చెవులు మూసేసుకుంటాడు."

"చీటీ తీస్తేనే కదా సార్ ఇష్టం లేనిది చెప్పడం. ఇందులో చీటీ లేదుగా."

"పద్ధతి పద్ధతే."

పిల్ల తల వంచుకుని చెప్పడం మొదలుపెట్టింది. 'మా అమ్మ ఆ సమయానికి అక్కడ లేదు' అనే దగ్గర గొంతు పట్టేసింది. మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ పట్టేసింది. "ఏడుపు గొంతు పనికిరాదు. జాలిపడతారు గానీ వినరు," అన్నాడు. మూడోసారి నీళ్ళు తాగించాడు. నాలుగోసారి కిటికీ వైపు తిరిగి చెప్పమన్నాడు. ఐదోసారికి ఆ వాక్యం లాయరమ్మ నోట్లోంచి ఎక్కడా తగలకుండా, తడి లేకుండా వచ్చింది. మాస్టారు బల్ల మీద అరచేత్తో కొట్టి "శభాష్!" అన్నాడు. కన్నతల్లి మీద నేరం మోపడం ఆ పిల్లకి ఆయన అంత బాగా నేర్పాడు.

వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగింది. "మధ్యలో ఆపేస్తే సార్?"

ఆయన నవ్వాడు. "పెద్దవాళ్ళు తల్లీ. చిన్నపిల్ల నిలబడి మాట్లాడుతుంటే ఎందుకు ఆపుతారు?"

బుధవారం క్లాసంతా కలిసి ఉత్తుత్తి కమిటీ పెట్టుకున్నారు. ఒకడు పొట్ట ముందుకి తోసుకుని కరస్పాండెంటయ్యాడు, ఒకత్తె కళ్ళజోడు ముక్కు మీదకి దించి పెద్ద మేడమైంది. అందరూ పడీపడీ నవ్వారు. లాయరమ్మ మాట్లాడటం మొదలుపెట్టాక మాత్రం, గంట మోగేదాకా ఎవరూ కదల్లేదు. ఆ క్లాసులో ఎవరికీ ఇంకొకలా వినడం రాదు. రెండో గంట పడగానే చప్పట్లు కొట్టారు.

ఇంటికెళ్ళి మాస్టారు ఈ సంగతంతా భార్యకి చెప్పాడు. ఆవిడ ఆరిన బట్టలు మడతపెడుతూ విన్నది. "అంత తెలిసిన మనిషి మీరు ఉండగా ఆ పిల్ల చేత చెప్పించడం ఏమిటి?" అంది. మినిట్స్ సంగతి చెప్పాడు. "సరే, అదీ మంచిదేలెండి. కాంట్రాక్టు ముందు మీరు ఎవరి కళ్ళల్లోనూ పడకండి," అని బట్టల దొంతర ఎత్తుకుని లోపలికెళ్ళింది. ఆవిడ అలా అన్నందుకు ఆయనకి కాస్త తేలికపడింది, కాస్త సిగ్గేసింది. తేలికే ఎక్కువ.

*

గురువారం పదకొండింటికి కమిటీ కూర్చుంది. నడుమ కరస్పాండెంటు. కుడివైపు పెద్ద మేడం. ఎడమవైపు పిల్లాడి తండ్రి, ఆ పక్కన సభ్యుడొకాయన, ఎప్పుడూ రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని అరకళ్ళు మూసుకునే పెద్దమనిషి. బల్ల చివర కాగితాల కట్టతో గంట మాస్టారు. ఎర్ర అట్ట రిజిస్టరు కరస్పాండెంటు తలకి సరిగ్గా వెనక, హాజరుపట్టీల పక్కన నిలబెట్టి ఉంది. మాస్టారి కుర్చీ నించి మూడడుగులు.

ఆయమ్మని గుమ్మం దగ్గరే నిలబెట్టారు. "ఏమన్నా చెప్పుకుంటావా?" అని అడిగితే, "మా అమ్మాయి చెప్తుందండీ," అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

లాయరమ్మ లోపలికొచ్చింది. రెండు జడలూ నున్నగా దువ్వుకుంది. యూనిఫాం మడతల మీద ఇస్త్రీపెట్టె గీతలు కనిపిస్తున్నాయి. చేతిలో కాగితం లేదు. పాదాలు జానెడు ఎడంగా పెట్టుకుంది. కరస్పాండెంటు ముచ్చటపడి నవ్వాడు.

"కమిటీ పెద్దలకి నమస్కారం. అవతలి పక్షం మాట ముందు చెప్తాను," అంది. "ఐదేళ్ళ పిల్లాడు. ఒక్కడే రెండు వీధులు నడిచాడు. మధ్యలో లారీల రోడ్డుంది. దేవుడి దయవల్ల ఏమీ కాలేదు గానీ, అయ్యుంటే ఆ అమ్మానాన్నలకి ఎవరు సమాధానం చెప్పగలరు? ఆ గంటసేపు వాళ్ళు పడ్డ నరకం ఎవరు తీర్చగలరు? గేటు దగ్గర ఉండాల్సింది మా అమ్మ. ఆ సమయానికి మా అమ్మ అక్కడ లేదు. వెళ్ళేముందు ఇంకొకళ్ళని నిలబెట్టి వెళ్ళాల్సింది. నిలబెట్టలేదు. ఇది నిజం."

గొంతు ఎక్కడా పట్టలేదు. పిల్లాడి తండ్రి కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. కోపంగా వచ్చిన మనిషి మెత్తబడ్డాడు. మాస్టారి కలం పరిగెడుతోంది. పని చేస్తోంది, పద్ధతి పని చేస్తోంది అనుకున్నాడు.

"అయినా—"

"చాలమ్మా," అన్నాడు కరస్పాండెంటు. మెత్తగానే అన్నాడు. "ఇంక అక్కర్లేదు."

"అయినా, మూడు విషయాలు మనవి చేసుకోవాలి. మొదటిది—"

"చాలు తల్లీ. నిజాయితీగా ఒప్పుకున్నావు. ఈ కాలంలో అంత పెద్ద మనసు ఎవరికుంటుంది? మీ అమ్మకన్నా నువ్వే నయం." పిల్లాడి తండ్రి వైపు తిరిగాడు. "విన్నారుగా సార్. కన్నకూతురే చెప్పింది."

"విన్నాను. ఇంతకన్నా నాకేం కావాలి?" అన్నాడాయన.

లాయరమ్మకి ఏం జరిగిందో అర్థం కాలేదు. గంట వినబడలేదు. గంట వినబడకుండా ఎవరూ ఎవర్నీ ఆపరు. ఆ పిల్ల మాస్టారి వైపు చూసింది. "సార్, నాకింకా రెండు నిమిషాలున్నాయి," అంది.

బల్ల చుట్టూ నవ్వులు లేచాయి. కళ్ళు మూసుకున్న పెద్దమనిషి కూడా కళ్ళు తెరిచి నవ్వాడు. "ఇది పోటీ కాదమ్మా," అన్నాడు కరస్పాండెంటు. "మాస్టారూ, రాసుకున్నారా? ఏదీ, ఆ చివరి నాలుగు ముక్కలూ చదవండి."

మాస్టారు చదివాడు. ఒక్క అక్షరం పోకుండా రాశాడు. ఆ సమయానికి మా అమ్మ అక్కడ లేదు. నిలబెట్టలేదు. ఇది నిజం. తన గొంతుతో వింటుంటే అది వాదనలా లేదు. పోలీసు స్టేషన్లో వేలిముద్ర వేయించుకునే కాగితంలా ఉంది.

"మీ శిష్యురాలే కదా," అన్నాడు కరస్పాండెంటు, కుర్చీ వెనక్కి జరుపుతూ. "బాగా తయారుచేశారు. మీరేమన్నా చెప్తారా?"

అడిగాడు. ఆయనంతట ఆయనే అడిగాడు. లాయరమ్మ చూపు మాస్టారి మీదనించి కరస్పాండెంటు వెనక అలమార మీదకి వెళ్ళి, మళ్ళీ మాస్టారి మీదకొచ్చింది. మూడడుగులు. లేచి ఆ పుస్తకం తీసి బల్ల మీద పెడితే చాలు, మాట్లాడక్కర్లేదు కూడా. పెద్ద మేడం కలం మూత తీస్తూ, పెడుతూ ఆయన్నే చూస్తోంది.

"నేను రాసేవాణ్ణే కదా సార్," అన్నాడు.

ఆయమ్మని ఆ పూట నించే తీసేశారు. పిల్లదాన్ని పరీక్షలయ్యేదాకా ఉండనిద్దామా అని పెద్ద మేడం అడిగింది. ఉచితంగా చదివించేది సిబ్బంది పిల్లల్నే కదా, రేపు ఇంకొకళ్ళొచ్చి అడిగితే ఏం చెప్తాం అన్నాడు కరస్పాండెంటు. అదీ రాయమన్నారు. మాస్టారు రాశాడు.

*

శుక్రవారం మినిట్స్ శుభ్రంగా తిరగరాయడానికి ఆయన మళ్ళీ ఆ గదిలో కూర్చున్నాడు. పెద్ద మేడం రౌండుకెళ్ళినప్పుడు లేచి ఎర్ర అట్ట పుస్తకం తీశాడు. వెతకనక్కర్లేకపోయింది. గుండ్రటి అక్షరాలు, క్లాసులో ఆయన రోజూ చూసే అక్షరాలే. 'గేటు గడియ పడుట లేదు. చిన్నపిల్లలు తోసిన తెరుచుకొనుచున్నది.' పెద్దవాళ్ళ పుస్తకమని గ్రాంథికంగా రాసింది. రెండోసారి అదే వాక్యం. మూడోసారి చివర 'దయచేసి' అని చేర్చింది. మూడింటి కిందా గుమస్తా పొట్టి సంతకం.

"తెరిచారా?" అంది వెనకనించి పెద్ద మేడం. ఎప్పుడొచ్చిందో.

"మేడం, ఇందులో..."

"నాకు తెలుసు మాస్టారూ. ఆ సంతకాలు గుమస్తావి, గుమస్తా నా మనిషి. ఇప్పుడిది కమిటీ ముందు పెడితే ఆయమ్మ మీదనించి లేచి నా మీద పడుతుంది." ఆవిడ వచ్చి కూర్చుంది. ఆవిడ మొహంలో కోపం లేదు, అలసట ఉంది. "నిన్న మీరది తీస్తే నేను కాదనేదాన్ని కాదు. కాదనడానికి ఏముంది? మొన్న రాత్రంతా అదే అనుకున్నాను, తీస్తారేమోనని. మీరు తియ్యలేదు. ఇవాళెందుకు తీస్తున్నారు?"

ఆయన పుస్తకం మళ్ళీ హాజరుపట్టీల పక్కన నిలబెట్టాడు. మినిట్స్ పొడుగైపోయాయి, కుదించమంది పెద్ద మేడం. 'బాలిక తన తల్లి తప్పిదమును కమిటీ ఎదుట స్వచ్ఛందముగా అంగీకరించినది' అని ఒక్క వాక్యం చేసి, కింద సంతకం పెట్టాడు. దస్తూరీ ఎప్పట్లాగే ముత్యాల్లా ఉంది.

సాయంత్రం క్లాసులో పిల్లలు ఎగబడ్డారు. "లాయరమ్మ గెలిచిందా సార్?" "తేదీలు చెప్పగానే కరస్పాండెంట్ సార్ మొహం ఎలా పెట్టారు సార్?" ఉత్తుత్తి కరస్పాండెంటు అయినవాడు అప్పుడే పొట్ట ముందుకి తోసి చూపిస్తున్నాడు. మాస్టారు డస్టరు తీసుకుని బోర్డు మీది మూడు వరసలూ చెరిపాడు. ఏళ్ళ తరబడి ఉన్న సుద్ద, ఒక పట్టాన పోలేదు. చేత్తో రుద్దాడు. ఆ రోజు క్లాసు లేదన్నాడు.

*

శనివారం మధ్యాహ్నం ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాడు. కుట్టుమిషన్ల షాపు వెనక ఒకే గది. ఆయమ్మ నేలమీద దుప్పటి పరిచి ఎవరివో చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది, గుట్టగా పడున్నాయి. లాయరమ్మ గోడకి ఆనుకుని కూర్చుని చొక్కాల గుండీలు పెడుతోంది. ఆయన్ని చూడగానే ఇద్దరూ లేచారు. ఉన్న ఒక్క కుర్చీ మీదనించి బట్టలు తీసి కొంగుతో తుడిచింది ఆయమ్మ.

"కూర్చోండి మాస్టారూ. మీరెందుకొచ్చారు ఇంత ఎండలో? కబురు చేస్తే మేమే వచ్చేవాళ్ళం."

ఆయన కూర్చున్నాడు. ఏం చెప్పాలో దారి పొడుగునా అనుకుంటూ వచ్చాడు.

"పిల్ల బాగా మాట్లాడింది కదండీ?" అంది ఆయమ్మ. ఆ మాట అడగాలని రెండు రోజుల నించీ ఆగినట్టుంది. "గుమ్మంలో నిలబడి విన్నాను. సగం నాకర్థం కాలేదు గానీ, అంతమంది పెద్దవాళ్ళ ముందు తొణక్కుండా బెణక్కుండా! ఆ పిల్లాడి నాన్నకి కళ్ళనీళ్ళొచ్చాయి, చూశారా? నాకు నోరుంటే నా బతుకు వేరేగా ఉండేది. దానికి నోరిచ్చారు మీరు. అది చాలు నాకు."

మాస్టారికి ఆ కుర్చీ ముళ్ళకంపలా ఉంది.

"నాదే తప్పు సార్," అంది లాయరమ్మ. చొక్కా గుండీ పెడుతూనే అంది, పోటీ అయ్యాక బస్సులో మార్కుల కాగితం ముందు పెట్టుకుని మాట్లాడినట్టే. "రిజిస్టరు ముందు చెప్పాల్సింది. వాళ్ళు జడ్జీలు కాదు కదా. మూడు నిమిషాలు ఇస్తారనుకున్నాను. వాళ్ళు ఇస్తామని అనలేదు, నేనే అనుకున్నాను."

"నీ తప్పు కాదు. నేను నేర్పిందే తప్పు," అన్నాడు ఆయన. ఈపాటి ఒప్పుకోలుకి కూడా ఆయన ఇంత దూరం రావలసి వచ్చింది.

లాయరమ్మ చొక్కా పక్కన పెట్టింది. "కాదు సార్. మీరు నేర్పింది పోటీకి. అది కరెక్టే." ఆయన వైపు చూసింది. వాదించేటప్పటి చూపు కాదు. నిజంగా తెలియక అడిగేవాళ్ళ చూపు. "ఒకటి అడగనా సార్? వాళ్ళు మిమ్మల్ని అడిగారు కదా, ఏమన్నా చెప్తారా అని. మీరెందుకు చెప్పలేదు?"

ఆయన దగ్గర మూడు జవాబులున్నాయి, మూడూ మంచివే. రాసేవాడు మాట్లాడకూడదు. మాట్లాడినా వాళ్ళు ముందే నిశ్చయించుకున్నారు. ఆ పుస్తకం తీస్తే పెద్ద మేడంని ఇరికించినట్టయ్యేది. చీటీ తీసి ఇస్తే ఏ పిల్లయినా వీటితో మూడు నిమిషాలు లాగించగలదు.

ఆయన నోరు తెరిచేలోపు ఆయమ్మే కసిరింది. "ఏం మాటలే అవి? పెద్దా చిన్నా లేదా? సారుకి ఉద్యోగం ఉందే. నెలాఖర్న కాగితాలు వాళ్ళ దగ్గరికే వెళ్ళాలట, గుమస్తా చెప్పాడు నాకు. మన కోసం ఆయన నోరు చేసుకుని, రేపు ఆయన్నీ తీసేస్తే? ఆయనకి మాత్రం ఇల్లూ పిల్లలూ లేరా? మన పొయ్యి ఎలాగూ ఆరింది, ఆయన పొయ్యి కూడా ఆర్పితే నీకేం ఒరుగుతుంది? నేనైనా అంతే చేసేదాన్ని."

ఇంత గట్టిగా, ఇంత వరసగా ఆయమ్మ మాట్లాడటం ఆయన ఎన్నడూ వినలేదు. తన గురించి కమిటీలో ఒక్క ముక్క చెప్పుకోలేని మనిషి ఆయన తరఫున ఊపిరి తీసుకోకుండా వాదించింది. ఇస్త్రీపెట్టె చొక్కా మీదే మరిచిపోయి, కమురు వాసన రాగానే గబుక్కున ఎత్తింది.

లాయరమ్మ జవాబు కోసం ఆయన వైపే చూస్తోంది.

"మీ అమ్మ చెప్పింది నిజం," అన్నాడు మాస్టారు. "ఉద్యోగం పోతుందని భయపడ్డాను. అంతే. ఇంకేం లేదు."

"చూశావా? నేను చెప్పలా?" అంది ఆయమ్మ. ఆవిడ మొహం విప్పారింది. ఆయన్ని తను సరిగ్గానే అర్థం చేసుకున్నానన్న సంతోషం అందులో కల్లాకపటం లేకుండా కనిపించింది. "సారు అబద్ధమాడరు. ఎండన పడి వచ్చారు, ముందు మంచినీళ్ళివ్వు."

లాయరమ్మ లేచి, కుండ దగ్గరికెళ్ళి గ్లాసు కడిగింది. నిండా నీళ్ళు ముంచి, తొణక్కుండా రెండు చేతులతో పట్టుకొచ్చి ఆయనకి అందించింది. మళ్ళీ గోడ దగ్గర కూర్చుని ఇంకో చొక్కా తీసుకుంది. ఆయన నీళ్ళన్నీ తాగి గ్లాసు కింద పెట్టేదాకా తల ఎత్తలేదు. సోమవారం నించి ఏ స్కూలుకి వెళ్తావని అడిగితే, తల్లే చెప్పింది, ఇంకా ఏమీ అనుకోలేదని.